గొంతు పెడల్‌ది, చెయ్యి కంప్యూటర్‌ది

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే. ముందు ఒక ముక్క వాయిస్తాను, తర్వాత మాట్లాడుకుందాం.

(గిటార్ మీద చిన్న ముక్క వాయించారు. మధ్యలో ఆగి, వంగి, కాలి దగ్గరున్న పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న డబ్బా, దాని నాబ్ తిప్పి, మళ్ళీ అందుకున్నారు.)

వాయింపు సంగతి వదిలేయండి, ఆ వంగడం చూశారా? పల్లవికి ఎకో పొట్టిగా కావాలి, చరణానికి పొడుగ్గా కావాలి. రెండు చేతులూ గిటార్ మీదే ఉన్నాయి. మూడో చెయ్యి దేవుడివ్వలేదు. కాలితో తిప్పుదామంటే బొటనవేలికి అంత నేర్పు లేదు. నేను ప్రయత్నించాను, చెప్పులిప్పి మరీ. (నవ్వులు) పోనీ తిప్పగలిగినా, నిన్న రిహార్సల్లో ఎక్కడ పెట్టానో సరిగ్గా అక్కడే ఇవాళ పెట్టగలనా? నాబ్ పక్కన మార్కర్‌తో గీతలు గీసుకున్న పెడళ్ళు మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటాయి. నా దాని మీద నాలుగు రంగుల గీతలున్నాయి. ఏ రంగు ఏ పాటకో రాసుకున్న కాగితం ఎప్పుడో పోయింది.

ఇవాళ్టి విషయం ఇదే. ఆ నాబ్‌ని తిప్పే పని కంప్యూటర్‌కి అప్పజెప్పడం. పెడల్‌ని పారేసి దాని స్థానంలో సాఫ్ట్‌వేర్ పెట్టడం కాదు. లోపల శబ్దం నడిచే దారి ఎలా ఉందో అలాగే ఉండాలి, తిప్పే చెయ్యి మాత్రమే మారాలి. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు కష్టమంతా కంప్యూటర్ వైపే ఉంటుందనుకున్నాను. ప్రోగ్రామ్ ఒక సాయంత్రంలో అయిపోయింది. నాబ్ దగ్గర మూడు నెలలు పట్టింది. అందుకే ఇవాళ ఎక్కువసేపు నాబ్ గురించే మాట్లాడతాను.

ఆలోచన కొత్తదేం కాదు. 1978లో ప్రాఫెట్-5 అనే సింథసైజర్ వచ్చింది. దాని శబ్దమంతా అనలాగ్ సర్క్యూట్లదే, కానీ నాబ్‌లు ఎక్కడున్నాయో జ్ఞాపకం పెట్టుకోవడానికి లోపల జెడ్80 అనే మైక్రోప్రాసెసర్ పెట్టారు. 40 రకాల శబ్దాలు దాచుకోవచ్చు, బటన్ నొక్కితే సర్క్యూట్ మొత్తం ఆ అమరికలోకి వచ్చేస్తుంది. అంతకుముందు వాయించేవాళ్ళు కాగితాల మీద నాబ్‌ల బొమ్మలు గీసుకునేవాళ్ళు. అంత పెద్ద వాద్యంలో చేసిన పనిని మనం అరచేతిలో పట్టే డబ్బాలో చేద్దామంటున్నాం, అంతే తేడా. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు, డబ్బా చిన్నదైనంత మాత్రాన పేచీలు చిన్నవి కావు.

సరే, నాబ్ తీసి చూద్దాం. నాబ్ కింద ఉండేది పొటెన్షియోమీటర్, మనందరం పాట్ అంటాం. మూడు కాళ్ళు. రెండు చివరి కాళ్ళ మధ్య ఒక రెసిస్టెన్స్ పట్టీ, మధ్య కాలు ఆ పట్టీ మీద జారే వైపర్. దీన్ని రెండు రకాలుగా వాడతారు. మూడు కాళ్ళూ వాడితే వోల్టేజీని పంచుతుంది: వాల్యూమ్ నాబ్ అలాంటిది. రెండు కాళ్ళే వాడితే ఉత్త రెసిస్టర్, కాకపోతే విలువ మారే రెసిస్టర్. పెడల్ మూత తీశాక మొదటి పని మీ నాబ్ వీటిలో ఏదో కనుక్కోవడం.

రెండో పని, ఎక్కువమంది చెయ్యనిది, నేనూ చెయ్యనిది: పెడల్ ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కి, అంటే సర్క్యూట్లో సున్నా వోల్టుల చోటికి పెట్టి, పాట్ మూడు కాళ్ళ దగ్గరా డీసీ వోల్టేజీ ఎంతుందో చూసి రాసుకోవడం. మూడు అంకెలు. ఈ మూడు అంకెలు రాసుకోకుండా సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యకండి. ఎందుకో నా కథే చెప్తాను.

నేను మొదట చెయ్యి పెట్టింది ఓవర్‌డ్రైవ్ పెడల్ మీద, అంటే గిటార్ శబ్దాన్ని గరుకు చేసేదాని మీద. ట్యూబ్ స్క్రీమర్ సర్క్యూట్ చాలామందికి తెలుసు. ఆకుపచ్చ డబ్బా, దానికి లెక్కలేనన్ని నకళ్ళు. నా దగ్గరున్నది నేనే అతికించుకున్న నకలు. అందులో ఆ గరుకుని పెంచి తగ్గించే డ్రైవ్ నాబ్ 500 కిలో ఓముల పాట్, రెండు కాళ్ళే వాడతారు. ఓప్-ఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచే చిప్, దాని ఔట్‌పుట్ నుంచి వెనక్కి వచ్చే దారిలో, ఒక 51 కిలో ఓముల రెసిస్టర్‌తో వరసలో ఉంటుంది. కింద గ్రౌండ్ వైపు 4.7 కిలో ఓములు. లెక్క చూడండి: నాబ్ పూర్తిగా తగ్గిస్తే 51ని 4.7తో భాగించి ఒకటి కలిపితే సిగ్నల్ పెరిగేది దాదాపు 12 రెట్లు. పూర్తిగా పెంచితే 551ని 4.7తో భాగించి ఒకటి కలపండి, 118 రెట్లు. ఆ మధ్యలో రెండు డయోడ్లు తరంగం కొమ్ములు నరుకుతుంటాయి, ఆ నరుకుడే మనకి ఇష్టమైన శబ్దం.

రెండు కాళ్ళ పాటే కదా, దాని బదులు డిజిటల్ పాట్ పెట్టేస్తే సరి అనుకున్నాను. డిజిటల్ పాట్ అంటే ఎనిమిది కాళ్ళ చిన్న చిప్. లోపల వరసగా సన్నని రెసిస్టర్లు, ప్రతి రెండిటి మధ్యా ఒక ఎలక్ట్రానిక్ స్విచ్. ఎన్నో మెట్టు దగ్గర వైపర్ నిలబడాలో మైక్రోకంట్రోలర్, అంటే మన ప్రోగ్రామ్ నడిపే చిన్న చిప్, చెప్తుంది. ఎంసీపీ41100 తీసుకున్నాను: 100 కిలో ఓములు, 256 మెట్లు. నాబ్‌లో ఐదో వంతే అయినా ప్రయోగానికి చాల్లే అనుకున్నాను. దాని బుద్ధి 5 వోల్టుల బుద్ధి. అంటే తన కాళ్ళ మీద సున్నా నుంచి 5 వోల్టుల మధ్య ఉన్న వోల్టేజీని మాత్రమే మర్యాదగా మోస్తుంది.

పెట్టాను. వాయించాను. డ్రైవ్ కంప్యూటర్ నుంచి కదులుతోంది! కానీ శబ్దంలో ఏదో గరుకు. మెల్లగా మీటితే బాగుంది, గట్టిగా మీటితే ఒక పక్కకి చీలినట్టుంది. మొదట నేను దాన్ని మెచ్చుకున్నాను కూడా, కొత్త రకం డిస్టార్షన్ కనిపెట్టానని. (నవ్వులు) తర్వాత మల్టీమీటర్ పెట్టి చూస్తే ఆ కాళ్ళ మీద 4.5 వోల్టులున్నాయి.

ఉండాలి మరి. పెడల్ 9 వోల్టుల మీద నడుస్తుంది. గిటార్ సిగ్నల్ పైకీ కిందికీ ఊగుతుంది, అది ఊగడానికి రెండు పక్కలా చోటు కావాలి కాబట్టి సర్క్యూట్ దాన్ని సరిగ్గా మధ్యలో, 4.5 దగ్గర కూర్చోబెడుతుంది. ఆ మధ్య గీత నుంచి సిగ్నల్ అర వోల్టు కంటే కాస్త పైకి ఊగిందంటే 5 దాటిపోయింది. కింది వైపు బోలెడంత చోటు, పై వైపు అర వోల్టే. డిజిటల్ పాట్ పై సగాన్ని నొక్కేస్తోంది. నేను కనిపెట్టాననుకున్న కొత్త డిస్టార్షన్ చిప్ మూలుగు.

అంతటితో అయిపోలేదు. పని ఆపుదామని కంప్యూటర్ తీగ పీకేశాను. పెడల్ ఇంకా ఆన్‌లో ఉంది. చూస్తే, కరెంటే అందని మైక్రోకంట్రోలర్ బోర్డు మీది చిన్న లైటు మిణుకుమిణుకుమంటోంది! దెయ్యం పట్టిందా అనిపించింది. జరిగిందేమిటంటే, పెడల్‌లోని 4.5 వోల్టులు డిజిటల్ పాట్ కాళ్ళ గుండా లోపలికి దూరి, చిప్ లోపలి రక్షణ డయోడ్ల మీదుగా దాని సరఫరా కాలికి ఎక్కి, అక్కణ్నించి బోర్డు మొత్తానికి పాకింది. కరెంటు లేని చిప్ కాళ్ళ మీద వోల్టేజీ పెడితే ఇదే అవుతుంది. చిప్‌కి ఇది ఆరోగ్యం కాదు. కాబట్టి రెండు నియమాలు పెట్టుకున్నాను: చిప్ సరఫరా పరిధి దాటిన వోల్టేజీ దాని కాళ్ళ మీద ఉండకూడదు, పెడల్‌కి కరెంటున్నంతసేపూ చిప్‌కీ ఉండాలి. అంటే చిప్‌కి ఇచ్చే 5 వోల్టులు కంప్యూటర్ తీగ నుంచి కాదు, పెడల్ 9 వోల్టుల నుంచే వోల్టేజీని తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఒకటి పెట్టి తియ్యాలి.

మరి ఆ డ్రైవ్ నాబ్‌కి మందేమిటి? ఎక్కువ వోల్టేజీ మోసే డిజిటల్ పాట్‌లు ఉన్నాయి, కానీ నాకు నచ్చిన మందు వాటికంటే పాతది. వాక్‌ట్రాల్ అంటారు. ఒక నల్ల గొట్టంలో ఇటు పక్క ఎల్ఈడీ, అటు పక్క ఎల్‌డీఆర్, అంటే వెలుగు పడితే రెసిస్టెన్స్ తగ్గే రెసిస్టర్. రెండూ ఎదురెదురుగా, బయటి వెలుగు చొరబడకుండా. ఎల్ఈడీ వైపు కంప్యూటర్, ఎల్‌డీఆర్ వైపు పెడల్. రెండిటి మధ్యా వెలుగు తప్ప ఇంకేదీ దాటదు. పెడల్ కాళ్ళ మీద 4.5 వోల్టులుంటే ఏం, 9 ఉంటే ఏం, ఎల్ఈడీకి తెలియనే తెలియదు. ఇంట్లోనే చేసుకోవచ్చు: ఎల్ఈడీ తలని ఎల్‌డీఆర్ మొహానికి ఆనించి, మీద నల్ల హీట్ ష్రింక్ గొట్టం వేసి వేడి చెయ్యడమే. కాళ్ళు బయటికొచ్చే చివర్లు మర్చిపోకండి. నా మొదటిది గదిలో లైటు వేస్తే డ్రైవ్ తగ్గేది.

ఎల్‌డీఆర్‌తో ఒక చిక్కుంది. చీకట్లో దాని రెసిస్టెన్స్ మెగా ఓముల్లోకి పోతుంది. 500 కిలో ఓముల చోట 10 మెగా ఓములు వస్తే ఓప్-ఆంప్ ఆకాశానికంటుతుంది. దీనికి చిన్న కిటుకు: ఎల్‌డీఆర్‌కి సమాంతరంగా మామూలు 500 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి కట్టేయండి. ఇక ఎంత చీకటైనా మొత్తం 500 దాటదు. వెలుగు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే పాత నాబ్ తిరిగే పరిధి అంతా వచ్చేసింది.

ఎల్ఈడీ వెలుగుని తగ్గించి పెంచడానికి మైక్రోకంట్రోలర్ పీడబ్ల్యూఎం వాడతాం, లైటుని చకచకా వేసి ఆర్పడం అన్నమాట. ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డులో చాలా పిన్నుల మీద ఇది మామూలుగా సెకనుకి 490 సార్లు జరుగుతుంది. ఎల్‌డీఆర్ మందకొడిది కాబట్టి సర్దేసుకుంటుందిలే అనుకుంటాం. పూర్తిగా సర్దుకోదు. 118 రెట్లు పెంచే చోట 490 హెర్ట్జ్ వణుకు కొంచెం మిగిలినా నోటుకి గరగర అంటుతుంది. టైమర్ అమరిక మార్చి ఆ వేగాన్ని 31 కిలోహెర్ట్జ్‌కి తీసుకెళ్ళండి, చెవికి అందనంత పైకి పోతుంది. మధ్యలో ఒక రెసిస్టర్, కెపాసిటర్ పెట్టి నునుపు చేస్తే ఇంకా మంచిది.

వాక్‌ట్రాల్ మందకొడితనం డ్రైవ్‌కి వరమే. వెలుగు ఆరాక రెసిస్టెన్స్ మళ్ళీ పైకెక్కడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి మార్పు మెత్తగా వస్తుంది, మెట్లు వినిపించవు. కానీ ఏ రెండు వాక్‌ట్రాల్‌లూ ఒకలా ఉండవు. ఒకే చేత్తో, ఒకే రోజు చేసినా సరే. ప్రతిదాన్నీ విడిగా కొలిచి ప్రోగ్రామ్‌లో పట్టిక రాసుకోవాల్సిందే. బద్ధకిస్తే నాబ్ సగం దూరం ఏమీ జరగదు, మిగతా సగంలో అంతా ఒక్కసారి జరుగుతుంది.

ఇప్పుడు ఇందాక వాయించిన ఎకో పెడల్‌కి వద్దాం. ఇది ఓవర్‌డ్రైవ్‌కి పూర్తిగా వ్యతిరేకం. డిజిటల్ పాట్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. లోపలున్నది పీటీ2399 అనే ఎకో చిప్, కరోకే పెట్టెల్లో కూడా కనిపించేది. ఈ చిప్ నడిచేదే 5 వోల్టుల మీద. ఎకో ఎంతసేపటికి తిరిగి రావాలో తేల్చేది దాని ఆరో కాలు నుంచి గ్రౌండ్‌కి ఉన్న రెసిస్టెన్స్. ఆ కాలు మీద ఉండేది దాదాపు రెండున్నర వోల్టులు. డిజిటల్ పాట్‌కి సరిగ్గా ఒళ్ళో కూర్చోబెట్టినట్టుంది. శబ్దం కూడా ఆ దారిన వెళ్ళదు, అది కేవలం వేగాన్ని తేల్చే కాలు.

లెక్క కూడా తేలికే. చిప్ చేసినవాళ్ళు ఇచ్చే వివరాల పత్రం, అంటే డేటాషీట్ ప్రకారం 27.6 కిలో ఓములు పెడితే ఎకో 342 మిల్లీసెకన్లకి వస్తుంది, అర కిలో ఓము పెడితే 31కి. అంటే సుమారుగా 30 దగ్గర మొదలై, ఒక్కో కిలో ఓముకి 11 మిల్లీసెకన్ల చొప్పున పెరుగుతుంది. పాట నిమిషానికి 120 బీట్లనుకోండి. 60,000ని 120తో భాగిస్తే ఒక బీటు 500 మిల్లీసెకన్లు, అర బీటు 250. ఆ 250 కావాలంటే 19 కిలో ఓములు పెట్టాలి. పాట వేగం కంప్యూటర్‌కి తెలుసు కాబట్టి ఈ భాగహారం అదే చేసుకుంటుంది. తాళం తప్పని ఎకో! వంగి చెవితో సరిచూసుకునే బాధ లేదు.

50 కిలో ఓముల ఎంసీపీ41050 పెడితే ఒక్కో మెట్టు 195 ఓములు, అంటే 2 మిల్లీసెకన్ల పైచిలుకు. వినేవాళ్ళకి ఆ తేడా పట్టదు. కానీ డేటాషీట్ మొదటి పేజీ చూసి ఆగిపోకండి. 50 అని పేరే గానీ చిప్ చిప్‌కీ అది 35 నుంచి 65 దాకా ఎంతైనా ఉండొచ్చని లోపల రాసి ఉంటుంది. నేను కాగితం మీద వేసిన లెక్క నమ్ముకుని వాయిస్తే ఎకో డ్రమ్ముల కంటే ముందే పరిగెత్తింది. అందుకని కొలవాలి. గిటార్ తీగని ఒక్కసారి టక్కుమని కొట్టి, అసలు శబ్దాన్నీ ఎకోనీ కంప్యూటర్లో రికార్డు చేసి, రెండు కొమ్ముల మధ్య దూరం చూడండి. పది అమరికల దగ్గర ఇలా కొలిచి, మధ్యవి ప్రోగ్రామ్‌ని అంచనా వేసుకోమంటే చాలు. గంట పని, ఒక్కసారే.

ఈ చిప్‌కి ఒక మొండితనం ఉంది. కరెంటు ఇచ్చే క్షణంలో ఆరో కాలు దగ్గర రెసిస్టెన్స్ మరీ తక్కువగా, రెండు కిలో ఓముల లోపు ఉంటే అలిగి కూర్చుంటుంది. ఎకో రాదు. ఆర్పి మళ్ళీ వెయ్యాలి. మనం వాడే డిజిటల్ పాట్ మంచిదండీ, కరెంటు రాగానే తనంతట తాను సరిగ్గా మధ్య మెట్టు మీద నిలబడుతుంది, అంటే దాదాపు 25 కిలో ఓములు. ఆ సమయంలో ప్రోగ్రామ్ దాన్ని కదపకుండా ఉంటే చాలు. నేను తొందరపడి, లేవగానే పాత విలువ రాసేలా ప్రోగ్రామ్ రాశాను. పాత విలువ పొట్టి ఎకోది. రెండ్రోజులు సోల్డర్ అతుకులన్నీ తిట్టుకుంటూ మళ్ళీ వేశాను. ఇప్పుడు అర సెకను ఆగి రాస్తుంది. ఎందుకైనా మంచిదని వరసలో ఒక చిన్న రెసిస్టర్ కూడా పెట్టాను.

ఎకో సమయం మారుతున్నప్పుడు ఏమవుతుందో వినండి.

(వాయించి, లాప్‌టాప్ మీద స్లైడర్ కదిపారు. ఎకో స్వరం పైకి జారి, మళ్ళీ కుదురుకుంది.)

పాత టేపు వేగం మారినట్టు లేదూ? చిప్ లోపలి గడియారం వేగం మారుతోంది, అప్పటికే లోపల ఉన్న శబ్దం ఆ కొత్త వేగంతో బయటికి వస్తోంది. నాకిది ఇష్టం. కానీ కంప్యూటర్ ఒక్కసారిగా 40వ మెట్టు నుంచి 200వ మెట్టుకి దూకిస్తే ఎకో కెవ్వుమంటుంది. మెట్టు మెట్టుగా, ఒక్కోదానికి 2 మిల్లీసెకన్లు ఇచ్చి నడిపిస్తే జారుడు వస్తుంది. చేత్తో నాబ్ తిప్పితే సహజంగా ఉండే ఆ నిదానాన్ని ప్రోగ్రామ్‌లో మనమే రాయాలి. వాల్యూమ్‌కైతే ఇంకా ముఖ్యం, లేకపోతే మెట్ల శబ్దం జిప్పు లాగినట్టు జర్రుమంటుంది.

వాల్యూమ్ అన్నాను కాబట్టి ఒక మాట. వాల్యూమ్ పాట్ మీద ఏ అనే అక్షరం ఉంటే అది లాగ్ పాట్, బీ ఉంటే లీనియర్. చెవి గుణకారాల్లో వింటుంది కాబట్టి వాల్యూమ్‌కి లాగ్ వాడతారు. డిజిటల్ పాట్‌లు ఎక్కువగా లీనియర్. ప్రోగ్రామ్‌లో పట్టిక పెట్టి సరిచెయ్యొచ్చు, కానీ కింది కొసన చిక్కుంటుంది: సున్నా, ఒకటి, రెండు మెట్ల మధ్యే శబ్దం రెట్టింపవుతుంది. నిశ్శబ్దం నుంచి మెల్లగా పైకి తేవాలంటే 256 మెట్లు చాలవు. అలాంటి చోట నేను వాక్‌ట్రాల్‌కే ఓటేస్తాను.

స్విచ్‌ల సంగతి త్వరగా చెప్పేస్తాను. పెడల్‌ని దారిలోకి తేవడం, దారి నుంచి తప్పించడం రిలేతో, అంటే కరెంటుతో కదిలే స్విచ్‌తో చెయ్యండి. అది లోహాన్ని లోహానికి తాకిస్తుంది, శబ్దానికి ఏ మచ్చా పడదు. దాని కాయిల్‌ని మైక్రోకంట్రోలర్ పిన్ను నేరుగా మొయ్యకూడదు, మధ్యలో ఒక ట్రాన్సిస్టర్, కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్. రిలే బదులు సీడీ4066 లాంటి అనలాగ్ స్విచ్ చిప్ వాడదామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక: దానికి 9 వోల్టులు ఇచ్చి, 5 వోల్టుల పిన్నుతో ఆన్ చెయ్యాలని చూడకండి. తన సరఫరాలో 70 శాతం వస్తే తప్ప ఆన్ అన్న మాట దానికి వినపడదు. 5 అంటే అవుననీ కాదనీ మధ్యలో ఊగిసలాడుతుంది. ట్రాన్సిస్టర్‌తో ఆ 5ని 9 చేసి ఇవ్వాలి.

ఇక కంప్యూటర్ వైపు. ఇక్కడ కొత్త భాష కనిపెట్టకండి. 1983 నుంచి మిడి అనే భాష ఉంది, ఎలక్ట్రానిక్ వాద్యాలు చాలావరకు దాన్నే మాట్లాడతాయి. ఒక నాబ్ కదిలిందని చెప్పడానికి మూడు బైట్లు: ఫలానా ఛానల్లో కంట్రోల్ మార్పు, ఫలానా నంబరు నాబ్, ఫలానా విలువ. సెకనుకి 31,250 బిట్ల వేగంతో ఈ మూడు బైట్లూ ఒక మిల్లీసెకను లోపే చేరిపోతాయి. విలువ సున్నా నుంచి 127 దాకా. మన పాట్‌కి 256 మెట్లున్నాయి కాబట్టి రెండుతో గుణించి, మధ్య మెట్లు ఇందాక చెప్పిన నిదానపు నడకకి వదిలేస్తాను.

మిడి చేసినవాళ్ళు ఒక తెలివైన పని చేశారు. ఐదు పిన్నుల మిడి తీగ పెట్టెలోకి రాగానే ఆప్టోకప్లర్‌కి తగులుతుంది. మళ్ళీ వెలుగే! అటు ఎల్ఈడీ, ఇటు వెలుగుని చూసే చిప్. రెండు పెట్టెల గ్రౌండ్‌లు కలవవు. ఇది ఎంత విలువైందో యూఎస్‌బీ పెట్టాకే నాకు తెలిసింది. లాప్‌టాప్‌ని నేరుగా యూఎస్‌బీతో పెడల్‌కి కలిపి, డ్రైవ్ పెంచగానే సన్నగా కూత మొదలైంది, చెవిలో జోరీగలా. గిటార్ ఒకటో తీగని 19వ ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరం, దాదాపు. వెయ్యి హెర్ట్జ్. ఎందుకంటే ఈ రకం యూఎస్‌బీ తీగలో కంప్యూటర్ సెకనుకి వెయ్యిసార్లు పలకరిస్తూ ఉంటుంది. ఆ పలకరింపుల కరెంటు గ్రౌండ్ దారిలో దూరి, 118 రెట్లు పెరిగి, స్పీకర్లో పాడుతోంది. లాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే సగం తగ్గింది. ఆప్టోకప్లర్ ఉన్న మిడి తీగకి మారితే మొత్తం పోయింది. యూఎస్‌బీయే కావాలంటే మధ్యలో రెండు వైపుల గ్రౌండ్‌లనీ విడదీసే యూఎస్‌బీ ఐసొలేటర్ పెట్టాలి. డబ్బా లోపల కూడా డిజిటల్ చిప్‌ల గ్రౌండ్ తీగ విడిగా వచ్చి, కరెంటు లోపలికొచ్చే ఒక్క చోటే పెడల్ గ్రౌండ్‌తో కలవాలి.

ఆ కరెంటు గురించే ఇంకొకటి. పెడళ్ళ అడాప్టర్ పిన్నులో నడిమధ్య మైనస్ ఉంటుంది. ఆర్డుయినో ఊనో గుండ్రటి సాకెట్‌కి నడిమధ్య ప్లస్ కావాలి. రెండు ప్లగ్గులూ ఒకే కొలత, ఒకదాని బదులు ఒకటి హాయిగా దూరిపోతుంది. ఈ ప్రమాదంలో పోయిన చిప్‌ల పేర్లు చెప్పి మిమ్మల్ని బాధపెట్టను. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి.

(శ్రోతల్లో ఒకరు: ఇంత కష్టమెందుకండీ, ఎకో అయినా ఓవర్‌డ్రైవ్ అయినా కంప్యూటర్లోనే ఆ శబ్దాలిచ్చే సాఫ్ట్‌వేర్లు, ప్లగిన్లు ఉన్నాయిగా?)

ఉన్నాయి, నేనూ వాడతాను. చాలా బాగుంటాయి. ఈ ఓవర్‌డ్రైవ్ పెడల్‌తో నాకు పదేళ్ళ పరిచయం, దాని గరుకు ఎక్కడ మొదలవుతుందో నా చేతికి తెలుసు. అది వదులుకోకుండా నాబ్ కష్టం మాత్రమే వదులుకోవాలనుకున్నాను. అంతకంటే పెద్ద కారణం లేదు. ప్లగిన్ చాలనుకుంటే మీకు బోలెడు సమయం మిగులుతుంది, నిజంగా చెప్తున్నాను. ఇంకో దారి కూడా ఉంది. మీ పెడల్‌కి ఎక్స్‌ప్రెషన్ జాక్ ఉంటే అసలు మూతే తియ్యక్కర్లేదు. ఆ జాక్‌లోకి మామూలుగా వెళ్ళేది కాలితో తొక్కే పాట్. దాని బదులు డిజిటల్ పాట్‌ని చిన్న పెట్టెలో పెట్టి తీగతో కలపండి. ఆ వోల్టేజీ ముందు కొలుచుకోండి, అంతే.

(మరొకరు: అక్కా, మరి పాత నాబ్ పీకేయాల్సిందేనా? చేత్తో తిప్పే అలవాటు పోదు కదా.)

పీకకు తమ్ముడూ. దాన్ని శబ్దం దారి నుంచి విడదీసి, చివరి కాళ్ళు రెండూ 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ, మధ్య కాలు మైక్రోకంట్రోలర్ అనలాగ్ పిన్నుకీ కలుపు. ఇప్పుడు నాబ్ ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి సున్నా నుంచి 1023 దాకా ఒక అంకెగా తెలుస్తుంది. రెండు చికాకులుంటాయి. ఒకటి, నువ్వు ముట్టుకోకపోయినా ఆ అంకె 511, 512, 511 అని వణుకుతుంటుంది, నాబ్ కదిలిందని పొరబడి కంప్యూటర్ పెట్టిన విలువని చెరిపేస్తుంది. నాలుగైదు అంకెలకి మించి కదిలితేనే లెక్కలోకి తీసుకోమని చెప్పు. రెండోది, కంప్యూటర్ ఎకోని పొడుగు చేసింది, నాబ్ మాత్రం పొట్టి దగ్గరే ఉంది. నువ్వు ముట్టుకోగానే దభేలున పొట్టిదానికి దూకుతుంది. అందుకని నాబ్ తిరుగుతూ ఇప్పుడున్న విలువని దాటేదాకా దాని మాట వినకూడదు, దాటాక పగ్గాలు దానికివ్వాలి. ఇంకొకటి, నాబ్ కదిలినప్పుడల్లా ఆ విలువని చిప్ శాశ్వత జ్ఞాపకంలో రాసెయ్యకు. అందులో ఒక్కో చోట లక్షసార్లు రాయడానికే హామీ. దాచు అని బటన్ నొక్కినప్పుడు రాస్తే చాలు.

సరే, దగ్గరికొచ్చి చూడండి, మూత తీసే ఉంది. ఎవరైనా తిప్పొచ్చు, వాయించొచ్చు. ఆ ఎర్ర తీగని మాత్రం ముట్టుకోకండి, దాని అతుకు మీద నాకే ఇంకా నమ్మకం లేదు.